సాలుకి మూడర్థాలు

మా మావయ్య చివరిగా అన్న మాట ‘సాలు’.

ఇందులో గొడవేముంది, మీ శ్రీకాకుళం వైపు ‘చాలు’ని ‘సాలు’ అంటారు కదా, పెద్దాయన తాగింది చాలని ఉంటాడు, అయిపోయింది, అనుకుంటున్నారు కదూ? ఆ మాట ఆయన బతికుండగా ఆయన ఎదుట అనుంటే తెలిసొచ్చేది మీకు. కుర్చీ లాగి, మిమ్మల్ని కూర్చోబెట్టి, ‘సాలంటే ఏడాది కూడాను, సాలంటే నాగలి గీసిన గీత కూడాను, మీరు ఏ సాలు పట్టుకొచ్చినారు?’ అంటూ మీ భోజనం వేళ దాటించేసేవాడు.

గొడవ నాది కాదు, మా అత్తది. ఆయన పోయిన కొద్ది రోజులకి, సరిగ్గా అమ్మవారి పండగ నాటి పొద్దున నేను ఆమదాలవలసలో రైలు దిగి, ఆటో మాట్లాడుకుని వాళ్ల ఊరు వెళ్లాను. గుడి దాటాక తూర్పు వీధి సిమెంటు రోడ్డు మీద తెల్లటి ముగ్గు గీత ఒకటి బారుగా వెళ్లింది. పడమర వీధి మలుపు దగ్గర రోడ్డు బోసిగా ఉంది. ఆ బోసి చూడగానే నా గుండె కలుక్కుమంది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

అత్త వసారాలో చాప మీద కూర్చుని ఉంది. గుమ్మం పక్కన పీట వేసుకుని మా పెద్దమ్మ, అంటే మావయ్య అప్పగారు, శాస్త్రానికి కాపలా కాస్తోంది. మైలింట్లో ఏది ముట్టుకోవచ్చో ఏది ముట్టుకోకూడదో చెప్పడానికి తూర్పు వీధి నుంచి రోజూ డ్యూటీకి వచ్చినట్టు వస్తోందట. అత్త నన్ను చూసి ఏడవలేదు. చెయ్యి పట్టి గుంజి పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఒలే గుంటా, నువ్వు మీ మావ కాడ లాయరు పని నేర్చినావు. ఒక మాటకి అర్థం సెప్పు,” అంది. “సోడంబలి గ్లాసు నోటికాడ ఎట్టినాను. సేత్తో తోసీసినాడు. ‘సాలు’ అన్నాడు. మరి మాట నేదు. ఏటి సాలే? అంబలి సాలా? నాను సాలా? ఇన్నేళ్లు నాతోటి సేసిన కాపరం సాలా?”

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆవిడ మొహం చూసేసరికి ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ఆవిడ నిజంగా అడుగుతోంది. తిండి తినకుండా, నిద్రపోకుండా ఆ ఒక్క మాటనే నములుతూ కూర్చుంది. కట్టుకున్నవాడు చివరికి తనని వద్దనిపోయాడా లేదా అన్నది తేల్చమంటోంది, అదీ నన్ను!

నేనేం తేలుస్తాను? తేల్చే మనిషి పోయాడు.

మావయ్య శ్రీకాకుళం కోర్టులో వకీలు. గొప్ప వకీలు అంటే అబద్ధమవుతుంది. కేసు గెలవడం మీద ఆయనకి పెద్ద ధ్యాస ఉండేది కాదు. కాగితంలో ఉన్న మాట అసలు ఏమంటోందో తేలాలి, అదీ యావ. దస్తావేజు చేతికిస్తే ముందు కళ్లద్దాలు నుదుటి మీదకి తోసేవాడు. తర్వాత కాగితాన్ని చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఒట్టు! చదివేముందు వినేవాడు. మొదటిసారి చూసినప్పుడు మనిషికి ఏదో అయిందని హడలిపోయాను.

“రాసినదేదైనా ఎవులో ఒకలు అన్నదే కదే. గొంతు తెలకుండా అర్థమెలా తెలుస్తాది?” అనేవాడు.

ఆయనకి మూడు ప్రశ్నలుండేవి. చట్టంలో సెక్షనైనా, గుళ్లో పంతులుగారి మంత్రమైనా, పక్కింటివాళ్ల తిట్టైనా ముందు ఆ మూడూ దాటాల్సిందే. “ఎవులన్నారు? ఎవులితో అన్నారు? అన్నప్పుడు నవ్వినారా?” మూడోది విని జూనియర్లం కిసుక్కుమనేవాళ్లం. చట్టం నవ్వుతుందా మావయ్యా అంటే, “మరేటి, కొన్ని సెక్షన్లు పడీ పడీ నవ్వతాయి. నువ్వు సూడనేదు,” అనేవాడు.

ఎవరైనా ‘నూరేళ్లు చల్లగా ఉండు నాయనా’ అని దీవిస్తే దణ్ణం పెట్టి ఊరుకునే రకం కాదు. “నూరేళ్లంటే పుట్టినకాడ్నించా, ఇయాల్టినించా బాబూ? లెక్క ఎక్కడ మొదలు?” అని పంతులుగారిని నిలదీశాడొకసారి. పంతులుగారు అక్షింతలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు, పాపం. పెళ్లి శుభలేఖలో ‘సపరివార సమేతంగా’ అని ఉంది కదా అని మమ్మల్ని తీసుకెళ్లిన ఆటో డ్రైవరునీ, దారిలో ఎక్కిన ఒక ముసలమ్మనీ కూడా పంక్తిలో కూర్చోబెట్టాడు. ‘పరివారమంటే ఎంటొచ్చినోళ్లు. ఈలు నాతోటే దిగినారు కదా?’ అని వాదన! ఆ ముసలమ్మ బూరెలు మరీ మరీ వేయించుకుని, పెళ్లికూతుర్ని మనసారా దీవించి వెళ్లింది.

కోర్టులో ఆయన చేసిన సందడి ఒక్కటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. దక్షిణాది జిల్లా నుంచి కొత్తగా ఒక జడ్జిగారు వచ్చారు. మంచాయన. మా మాట నేర్చుకోవాలని తెగ సరదా. ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అని నేర్చుకుని మురిసిపోతున్న రోజులవి. నాగావళి ఒడ్డున పొలం తగాదాలో ముసలి రైతొకడు బోనెక్కాడు.

“తగాదా ఏ పొలం గురించి?” అన్నారు జడ్జిగారు.

“ఏటి పొలం బాబూ,” అన్నాడు రైతు.

“అడుగుతున్నది నేను. ఏ పొలం?”

“అదే బాబూ, ఏటి పొలం!”

“నన్నే ఎదురు అడుగుతావేమయ్యా!” జడ్జిగారి మొహం కందగడ్డ అయిపోయింది. రైతు దణ్ణాలు పెడుతున్నాడు. మావయ్య లేచాడు. “అయ్యా, తమరు మా మాట నేర్సుకున్నారు, సంతోషం. ఈడు ఇయాల తమ మాటే మాటాడతన్నాడు. ఏటి పొలం అంటే ఏరున్నాది కదా, దాని పొలం,” అన్నాడు. హాలు హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది జడ్జిగారే. ఆ కేసు మావయ్య ఓడిపోయాడనుకోండి, అది వేరే సంగతి.

ఇంట్లోనూ ఇదే తంతు. అత్త మూతి ముడుచుకుని ‘ఏటీ నేదు’ అంటే ఆయన చేతిలో పని పక్కన పెట్టేసేవాడు. “మీ అత్త ‘నేదు’ అన్నాదంటే గట్టిగా ఉన్నాదని అర్థం. ‘ఉన్నాది’ అంటే మట్టుకు భయం నేదు,” అనేవాడు నాతో. అత్త చీపురు కట్ట వెతికేది.

ఇక రాయి దగ్గరికి వద్దాం.

ఆ ఊరి అమ్మవారి గుడి పక్కన పాత రాయి ఒకటుంది. దాని మీద ఒకటే ముక్క చెక్కి ఉంది: ‘ఘటం తూరుపు వీదికి సాలు’. ఘటమంటే పండగనాడు అమ్మవారిని నిలిపి నెత్తిన పెట్టుకుని వీధుల్లో తిప్పే కుండ. గుమ్మం ముందు ఆగినప్పుడు ఆ ఇంటి ఆడవాళ్లు ఘటం ఎత్తినవాడి కాళ్ల మీద పసుపునీళ్లు పోస్తారు. ఎప్పటినుంచో గాని ఘటం తూర్పు వీధికే వెళ్లేది. పడమర వీధివాళ్లు దూరం నుంచి డప్పు వినాల్సిందే. మావయ్య పుట్టింది తూర్పు వీధిలో. అత్తది పడమర వీధి. పెళ్లితో ఆయన ఇల్లరికం వచ్చేశాడు. అత్త మట్టుకు పుట్టిన గుమ్మంలోనే ఉండి, ఆ గుమ్మం ముందు ఘటం ఆగడం ఒక్కసారీ చూడలేదు. పండగ వచ్చిందంటే ఆ మాట అనకుండా ఉండేది కాదు.

ఒక ఏడు పడమర వీధి కుర్రాళ్లు ఆ రాయికి ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సాలంటే ఏడాది, తూర్పు వీధికి ఒక సాలంటే మర్సటి సాలు మాది కాదేటి, అన్నారు. తూర్పు వీధివాళ్లు వెంటనే, తూర్పు వీధికి వస్తే సాలు, పడమరకి అక్కర్నేదు అని రాయి మొహమ్మీదే సెప్పినాది కదరా, అన్నారు. ఫోన్లలో మొదలైన గొడవ కర్రల దాకా వచ్చింది. ఎస్సైగారు వచ్చి, రాయి మీద ఏముందో మీలో మీరు తేల్చుకోండి, తేల్చుకోకపోతే అసలు పండగే లేదు పొమ్మన్నారు. రెండు వీధులవాళ్లూ కలిసి మావయ్య దగ్గరికే వచ్చారు. మావాడు అని వాళ్లూ, మా అల్లుడు అని వీళ్లూ.

“నీ నోట్లోంచి పడమర వీధి అని రాకపోతే ఈ ఇంట్లో పొయ్యి ఎలగదు,” అంది అత్త.

“తీర్పుకి ముందు కక్షిదార్లతోటి మాటాడకూడదే. పప్పు ఒడ్డించు,” అన్నాడు మావయ్య.

మర్నాడు ఊరంతా రాయి చుట్టూ మూగింది. మావయ్య గొడుగు నాకిచ్చి, పంచె ఎగ్గట్టి, మోకాళ్ల మీద కూలబడి రాతికి చెవి ఆనించాడు. ఒక్కడు నవ్వితే ఒట్టు. తూర్పు వీధి పెద్దాయన ఉండబట్టలేక, “ఏటంటన్నాది బావా?” అన్నాడు.

“నువ్వు నోరు మూస్తే ఇనపడతాది.”

కాసేపటికి లేచాడు. “ఎవులన్నారు? మనలాటోడే అన్నాడు. సదూకున్నోడైతే వీధికి ఒత్తెట్టీవోడు. ఈడు వీది అన్నాడు. సాలంటే మనం ఎన్ని అంటామో అన్నీ ఈడూ అంటాడు. బాగున్నాది. ఎవులితో అన్నాడు? రాయి మొహం ఎటున్నాది, సూడండి.”

అందరం చూశాం. రాత ఉన్న వైపు గుడికీ లేదు, వీధికీ లేదు. వెనకాల పొలాలకి ఉంది. ఇన్నేళ్లూ అందరూ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లి చదువుతూ వచ్చారు. ఎందుకు తిరగాల్సి వస్తోందని ఒక్కడికీ తోచలేదు.

“హక్కు రాస్తే జనం మొహాన రాస్తారు. పొలం మొహాన ఎవులికోసం రాస్తారురా? నాగలట్టుకొచ్చీవోడికి! ఆ రోజుల్న రోడ్డేటి? ముళ్లూ డొంకాను. ఘటమెత్తినోడు ఒట్టి కాళ్లతోటి నడవాల. ‘ఘటానికి తూర్పు వీది దాకా ఒక సాలు దున్నండిరా’ అని రాసినారు. ఇది హక్కు కాదు, తీర్పు కాదు. పని పురమాయింపు.”

తూర్పు వీధి పెద్దాయన తల గోక్కున్నాడు. “అంటే బావా, మనం ఇన్నాళ్లు కొట్టుకున్నది...”

“దుక్కి పనికి,” అన్నాడు మావయ్య.

ఎక్కడో ఒక ఆడమనిషి ఫక్కుమంది. అంతే, ఇక ఆగలేదు. కర్రలు పట్టుకొచ్చినవాళ్లు ఆ కర్రల మీదే వాలిపోయి నవ్వారు. ఎవడో ఉత్సాహవంతుడు పరుగున వెళ్లి నిజంగానే నాగలి మోసుకొచ్చాడు. సర్పంచి రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడి, “బాబ్బాబు! సిమెంటు రోడ్డు మొన్ననే ఏసినాం!” అని గోల. చివరికి ఆడవాళ్లు దారి చూపించారు. దున్నక్కర్లేదు, ముగ్గుతో సాలు గీద్దాం అన్నారు.

గీత గుడి నుంచి తూర్పు వీధి చివరికంటా వెళ్లింది. అప్పుడు మా అత్త ఏం చేసిందంటారా? ముగ్గు గంప లాక్కుని, మలుపు దగ్గర వంగి, పడమరకి గీయడం మొదలెట్టింది. తూర్పు వీధివాళ్లు గయ్యిమన్నారు. రాయి తూర్పనే అన్నాది కదా, అటెందుకు?

“రాసినదానికి కట్టుబడతాం,” అన్నాడు మావయ్య నెమ్మదిగా. “రాయనిదానికి భయపడతామేటి? పడమరకి సాలు వద్దని రాయి అన్నాదా? అన్నాదేమో ఇనండి, సెవి ఎట్టి.”

ఎవడూ చెవి పెట్టలేదు. ఘటం పడమర వీధిలోకి వచ్చింది, అత్త గుమ్మం ముందు ఆగింది. పసుపునీళ్లు పోస్తుంటే ఆవిడ ఘటం వైపే చూస్తూ సగం నీళ్లు తన కాళ్ల మీదే పోసుకుంది. మావయ్య అరుగు మీద కూర్చుని, తనకేమీ పట్టనట్టు ఆకాశంలో కొంగల్ని చూస్తున్నాడు.

తర్వాత కోర్టుకి వెళ్తూ బస్సులో అడిగాను, “మావయ్యా, నిజం చెప్పు. అది దుక్కి సాలేనా?”

“నువ్వు నవ్వినావా నేదా?”

“నవ్వాను.”

“ఊరంతా నవ్వినాది. రాసినోడొచ్చి కాదనీదాకా అదే అర్థం,” అని కిటికీ లోంచి తుపుక్కున ఉమ్మాడు.

అప్పటినుంచి ప్రతి పండగకీ పడమర సాలు అత్తే గీస్తుంది. పండగ చాటింపు డప్పు వినపడగానే మావయ్య ముగ్గు గంప దించమని తొందరపెట్టేవాడు, పండగ పొద్దున అరుగెక్కి కూర్చునేవాడు. “వంకరగున్నాది, ఘటం కాలవలో పడతాది,” అనేవాడు. “నీ వాదన కన్నా తిన్నగానే ఉన్నాది,” అనేది అత్త. సాలు ఉన్నంత మేరే ఘటం నడుస్తుందని ఊరి కట్టుబాటు అయిపోయింది. ఆ చెయ్యి ఉండగా ఇంకో చెయ్యి ముగ్గు గంప ముట్టదు, అదీ కట్టుబాటే.

అందుకే ఆ పొద్దున మలుపు బోసిగా ఉంది. అత్త మైలలో కూర్చుంది, ఆవిడని కదపడానికి ఎవరికీ నోరు రాలేదు. గీత లేదు కాబట్టి ఈ ఏడు ఘటం మలుపులోంచే వెనక్కి తిరుగుతుందని తూర్పు వీధి నుంచి కబురు కూడా వచ్చేసింది. ఆ కబురు మోసుకొచ్చింది మా పెద్దమ్మే.

సరే, అత్త చెయ్యి నా చేతిలో ఉంది. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే.

“ఎవరన్నారు అత్తా?”

“మీ మావ.”

“ఎవరితో?”

“నాతోటే. నాను కాక ఎవులున్నారు?”

“నవ్వాడా?”

“సూడనేదే అమ్మా. గ్లాసు ఒలికిపోతాదని గ్లాసు సూసినాను. ఆ మొహం సూడనేదు.” అప్పుడు ఏడ్చింది. అన్నాళ్లూ ఆపుకున్నదంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మూడో ప్రశ్న దగ్గర కేసు కొట్టుకుపోయింది, మావయ్య మీద పిచ్చి కోపం వచ్చింది నాకు. ఊరందరి మాటలకీ అర్థం చెప్పినవాడు తన మాట ఇలా గాలికొదిలేసి పోతాడా!

కొంగుతో ముక్కు తుడుచుకుంటుంటే రాయి గుర్తొచ్చింది.

“అత్తా, మొహం ఎటుంది?”

“ఏటి?”

“మావయ్య మొహం. నీ వైపు ఉందా?”

అత్త మంచం ఉన్న చోటు చూసింది, గుమ్మం చూసింది. “నేదు. ఈది ఏపు తిరిగినాడు. డప్పు ఇనపడతన్నాదని తిరిగినాడు.”

“ఏం డప్పు?”

“పండగ సాటింపు. ఆ పొద్దునే కదే సాటింపు ఏసినారు...”

మాట అక్కడ ఆగిపోయింది. అత్త నోరు తెరిచి నన్ను చూసింది. నేను ఆవిడని చూశాను.

“నీ చెయ్యి ఎటు తోశాడు అత్తా?”

“గుమ్మం ఏపే,” అంది. తర్వాత రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. “ఓలమ్మో! దుక్కి సాలే! లేచెల్లి సాలు గియ్యమన్నాడే! అంబలి కాదు, నాను కాదు, పని పురమాయించినాడే! సచ్చినోడు...” అని, నాలుక కరుచుకుని, నా వంక చూసింది. నేను పగలబడిపోయాను. ఆవిడా ఆపుకోలేకపోయింది. కళ్లమ్మట నీళ్లు కారుతూనే ఉన్నాయి, ఒకళ్ల భుజం మీద ఒకళ్లం పడి మైలింట్లో నిస్సిగ్గుగా నవ్వాం. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూస్తే చూశారు.

అత్త లేచింది. వంటింటి అటక మీంచి ముగ్గు గంప దించి చంకనెట్టుకుని గుమ్మం వైపు నడిచింది. పెద్దమ్మ పీట మీంచి ఎగిరి పడింది.

“ఒలే ఒలే! మతి పోనాదేటే? మైలలో ఉండి ముగ్గేటి? సాస్త్రం ఒప్పుకోదు!”

అత్త గడప మీద ఆగింది. “మైలలో ముగ్గెయ్యకూడదని ఉన్నాది వదినా. నాను ముగ్గేస్తానని ఎవులన్నారు?”

“మరి ఆ గంపలో ఉన్నదేటే?”

“సాలు,” అంది అత్త.

పెద్దమ్మ దాన్ని ‘చాలు’ అనుకుంది. టక్కున నోరు మూసుకుని పీట మీద కూలబడింది. నేను మాత్రం ఈసారి మొహం చూశాను. అత్త నవ్వుతోంది.